మిథోట్రెక్సేట్ వాడితే లింఫోమా వస్తుందా? అమ్మ మాత్ర ఆపేయడం సరైనదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. అమ్మగారికి 58 ఏళ్లు. 11 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనవాళ్లు కీళ్లవాతం అనే జబ్బు ఉంది. వారానికోసారి 15 మిల్లీగ్రాముల మిథోట్రెక్సేట్ వేసుకునేవారు. మందుల దుకాణంలో ఎవరో ‘ఇది క్యాన్సర్ మందు కదమ్మా’ అన్నారు. తర్వాత బంధువు ఒకాయన ఇలాంటి మందులతో లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్, వస్తుందని చెప్పారు. భయపడి రెండు నెలల క్రితం ఆపేశారు. ఇప్పుడు వేళ్లు మళ్లీ వాచాయి. డాక్టరు ఈసారి బయోలాజిక్ ఇంజెక్షన్ (వాపు పుట్టించే పదార్థాన్నో కణాన్నో గురిచూసి అడ్డుకునే మందు) వేద్దామంటున్నారు, దాని పెట్టెలోని కాగితంలోనూ లింఫోమా అనే మాట కనిపించింది. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టుగా, అమ్మకు ఏడాదిగా కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందని ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం గురించి ఆఖర్న మాట్లాడతాను.

ముందు సూటి సమాధానం. రుమటాయిడ్ ఉన్నవారికి లింఫోమా ముప్పు మిగతావారికన్నా ఎక్కువే, దాదాపు రెట్టింపు. అయితే ఆ ముప్పును ప్రధానంగా పెంచేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన జబ్బే కాని, దాన్ని అదుపు చేసే మందు కాదు. అందుచేత మాత్ర ఆపడం వల్ల అమ్మగారు ముప్పు నుంచి దూరం జరగలేదు, కొంచెం దగ్గరికే జరిగారు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తపరీక్షలు, కాలేయ పరీక్షలు చూసి మళ్లీ మొదలుపెడతారు. మధ్యలో రెండు నెలలు మానేశారన్న సంగతి మాత్రం దాచకండి. అది తెలియకపోతే ‘ఈ మందు పనిచేయడం లేదు’ అనుకుని పెద్ద మందుకు వెళ్తాం. మీ డాక్టరు ఇప్పుడు బయోలాజిక్ అంటున్నది కూడా అందుకేనేమోనని నా అనుమానం.

రెట్టింపు అన్న మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. దేనికి రెట్టింపో చూడండి. లింఫోమా ఎక్కువగా కనిపించే అమెరికా, స్వీడన్ లాంటి దేశాల్లోనే ఏటా లక్షమందిలో సుమారు 20 మందికి నాన్-హాడ్కిన్ అనే ప్రధాన రకం లింఫోమా వస్తుంది. అంటే వెయ్యిమందిని పదేళ్లు గమనిస్తే ఇద్దరు. ఆ వెయ్యిమందికీ రుమటాయిడ్ ఉందనుకుంటే నలుగురు. వయసు పెరిగేకొద్దీ ఈ అంకె కొంత పెరుగుతుంది. మన దేశంలో లింఫోమా అసలే అంతకన్నా బాగా తక్కువ. నేను 24 ఏళ్లుగా కీళ్లవాతం రోగులనే చూస్తున్నాను. వారిలో లింఫోమా వచ్చినవారిని చేతివేళ్లపై లెక్కపెట్టగలను. జబ్బును నిర్లక్ష్యం చేసి కీళ్లు పోగొట్టుకున్నవారికి మాత్రం లెక్క లేదు.

మందు కాదు, జబ్బే కారణమని ఎలా తెలిసింది? ఇది అడగవలసిన ప్రశ్న. ఫిన్లాండ్‌లో 1978లోనే రుమటాయిడ్ రోగుల జాబితానూ, దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీనీ పక్కపక్కన పెట్టి చూస్తే లింఫోమా ఎక్కువగా తేలింది. అప్పటికి మిథోట్రెక్సేట్ కీళ్లవాతానికి ఇంకా మామూలు మందు కాలేదు. బయోలాజిక్ అన్న మాటే లేదు. అంటే ఈ మందులు రాకముందే ముప్పు ఉంది.

తర్వాత స్వీడన్‌వాళ్లు ఇంకా లోతుకు వెళ్లారు. 2006లో వచ్చిన అధ్యయనంలో, లింఫోమా వచ్చిన 378 మంది రుమటాయిడ్ రోగుల పాత కేసు కాగితాలు తీసి, లింఫోమా రాని మరో 378 మంది రుమటాయిడ్ రోగులతో పోల్చారు. ఏళ్ల తరబడి కీళ్ల వాపు ఎంత ఉంది, ఒంట్లో వాపు తీవ్రతను చెప్పే రక్తపరీక్ష ఇఎస్‌ఆర్ ఎంత ఉంది అని కలిపి చూశారు. జబ్బు తీవ్రత తక్కువగా ఉన్నవారితో పోలిస్తే మధ్యస్థంగా ఉన్నవారిలో లింఫోమా అవకాశం సుమారు ఎనిమిది రెట్లు, అతి తీవ్రంగా ఉన్నవారిలో డెబ్బై రెట్లు. ముప్పంతా దాదాపుగా ఆ తీవ్రమైన గుంపులోనే పోగుపడింది. మిథోట్రెక్సేట్ వాడినవారిలో అదనపు ముప్పు కనిపించలేదు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో లింఫోమా తక్కువగా కూడా ఉంది. ఒక్క అజాథయోప్రిన్ విషయంలో మాత్రం ముప్పు పెరిగినట్టు తేలింది. అందుకే కీళ్ల కోసం ఆ మందు ఇప్పుడు అరుదుగా రాస్తాం.

ఆ డెబ్బై అంకె చూసి మళ్లీ బెంగపడకండి. ఆ రోగుల్లో చాలామంది పాతకాలంవారు, సరైన మందు లేక ఏళ్లపాటు మంచాన పడినవారు. ఇప్పుడు ఆ స్థితి దాకా రానివ్వం, రోగి మందు మానకపోతే.

లోపల జరిగేది చెబుతాను. లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల క్యాన్సర్. రుమటాయిడ్‌లో ఎక్కువగా వచ్చేది ‘బి’ కణాల నుంచి పుట్టేదే, అందులోనూ వేగంగా పెరిగే పెద్ద బి-కణ లింఫోమా. ఇవే బి కణాలు రుమటాయిడ్‌లో పొరపాటున సొంత కీళ్ల మీద దాడికి పనికొచ్చే యాంటీబాడీలు తయారుచేస్తుంటాయి. జబ్బు రగులుతున్నంత కాలం వీటికి విశ్రాంతి లేదు, రాత్రింబవళ్లు విభజన చెందుతూనే ఉంటాయి. తాటాకుల మీద ఒకే గ్రంథానికి ప్రతి తర్వాత ప్రతి రాసే లేఖకుణ్ణి ఊహించుకోండి. పది ప్రతులు రాసినవాడికన్నా పదివేలు రాసినవాడి దగ్గర తప్పులు ఎక్కువ దొర్లుతాయి. చాలా తప్పులు అక్షర దోషాలుగా మిగిలిపోతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం అర్థాన్నే మార్చేస్తుంది. మిథోట్రెక్సేట్ ఆ లేఖకుడి చేతికి కాస్త విరామం ఇస్తుంది.

మరి దుకాణంలో అన్నమాట? అబద్ధమేమీ కాదు, సగం నిజం. మిథోట్రెక్సేట్ క్యాన్సర్ చికిత్సలో వాడే మందే. కొన్ని రకాల లింఫోమాలను నయం చేయడానికి కూడా ఇదే వాడతారు! మెదడులో వచ్చే లింఫోమాకు ఒక్కో విడతలో ఐదారు గ్రాములు సెలైన్‌లో ఎక్కిస్తారు. అమ్మగారు వారానికి వేసుకునేది 15 మిల్లీగ్రాములు, అంటే దానిలో మూడు వందల వంతుకన్నా తక్కువ. ఆ మోతాదులో కణాలను చంపడం దీని పని కాదు, వాపు ప్రక్రియను అణచడమే. అసలు భయపడవలసిన చోటు వేరే ఉంది. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. చీటీ సరిగా చదవక రోజూ వేసుకుని, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ఐసీయూలో చేరినవారిని నేను చూశాను. వారం పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ‘రెండు నెలల బాకీ’ తీర్చినట్టు ఎక్కువ వేయకండి. ఇలా చేసినవారూ ఉన్నారు.

దుకాణంలో మాట విని మందు మానేసిన ఒకామె నాకు ఇప్పటికీ గుర్తు. ప్రకాశం జిల్లా వైపు పల్లె, మిరప చేలో పని చేసుకునే మనిషి. మిథోట్రెక్సేట్ వదిలి ఎవరో ఇచ్చిన పొట్లాల పొడి ఆరేళ్లు వాడింది. మొదట్లో నొప్పి మంత్రం వేసినట్టు తగ్గిందట. తగ్గకేం మరి! ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పల్చబడి, చక్కెర పెరిగి వచ్చిన తీరు చూస్తేనే అందులో స్టెరాయిడ్ కలిసిందని తెలిసిపోతోంది. ఆమెకు లింఫోమా రాలేదు. రెండు మోకాళ్లూ, కుడి మణికట్టూ పోయాయి. క్యాన్సర్ భయంతో మందు మానినవారికి ఎక్కువగా జరిగేది ఇదే.

ఇప్పుడు మినహాయింపు చెప్పాలి, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. మిథోట్రెక్సేట్ వాడుతున్న కొద్దిమందిలో, చాలా అరుదుగా, మందుతో ముడిపడిన లింఫోమా లాంటి గడ్డలు వస్తాయి. 1990ల మొదట్లో వీటిని గుర్తించారు. జపాన్ నుంచి ఎక్కువ కేసులు నమోదయ్యాయి. వీటిలో చాలావాటి వెనుక ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉంటుంది. మనలో ఎక్కువమందికి చిన్నప్పుడే సోకి, లోపల నిద్రపోతూ ఉండే వైరస్ అది. రోగనిరోధక శక్తి కాపలా తగ్గినప్పుడు లేస్తుంది. దీని విచిత్రం ఏమిటంటే, మందు ఆపగానే చాలామందిలో గడ్డలు వాటంతటవే కరుగుతాయి. నేను ఇలాంటిది ఒక్కటే చూశాను. 67 ఏళ్ల ఆమె, మెడలో, చంకలో గడ్డలతో వచ్చారు. ముక్క పరీక్షలో లింఫోమా అన్నారు, వైరస్ కూడా కనిపించింది. క్యాన్సర్ వైద్యుడు, నేను మాట్లాడుకుని కీమో మొదలుపెట్టకుండా మిథోట్రెక్సేట్ మాత్రం ఆపాం. వారం వారం పిలిపించి టేపుతో కొలిచేవాణ్ణి. ఆరు వారాలకు చేతికి తగలడం మానేశాయి. ఆమెకు మళ్లీ ఆ మందు ఇవ్వలేదు. అందరికీ ఇలా కరగవు, కరిగినవారిలో కొందరికి తిరిగి వస్తాయి. కాబట్టి ఇంట్లో సొంతంగా చేసుకునే ప్రయోగం కాదిది. గడ్డ లేనిదే, పరీక్ష లేనిదే ముందుజాగ్రత్తగా మందు ఆపడానికి ఇది సాకు కూడా కాదు.

బయోలాజిక్ కాగితం సంగతి. బయోలాజిక్‌లలో ఒక రకమైన, టీఎన్‌ఎఫ్ అనే వాపును రగిలించే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల మీద లింఫోమా హెచ్చరికను అమెరికా ఔషధ సంస్థ 2009లో, ముఖ్యంగా పిల్లలను, టీనేజీవారిని దృష్టిలో పెట్టుకుని, నలుపు గీతల పెట్టెలో వేయించింది. తర్వాత పెద్దవాళ్ల లెక్కలు పోగయ్యాయి. బయోలాజిక్ వాడేవారి వివరాలు నమోదుచేసే బ్రిటన్ రిజిస్ట్రీ 2017లో ఈ ఇంజెక్షన్లు తీసుకున్న రుమటాయిడ్ రోగులనూ, తీసుకోనివారినీ పోలిస్తే లింఫోమాలో తేడా కనిపించలేదు. ఒక చిక్కు గమనించండి. పెద్ద జబ్బు ఉన్నవారికే పెద్ద మందు రాస్తాం. కాబట్టి ఆ మందు వాడినవారిలో లింఫోమా కొంచెం ఎక్కువ కనిపించినా, అది మందుదా జబ్బుదా అని విడదీయడం కష్టం. ఈ ఇంజెక్షన్ల విషయంలో మన దగ్గర నిజంగా పట్టించుకోవలసింది క్షయ. లోపల దాగి ఉన్న క్షయను ఇవి లేపుతాయి. ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయకుండా మొదటి ఇంజెక్షన్ వేయించుకోకండి.

కీళ్లవాతానికే వాడే టోఫాసిటినిబ్ మాత్రల గురించి మీరు అడగలేదు. చవకగా దొరుకుతోందని, సూది బాధ ఉండదని రేపు ఎవరో సూచిస్తారు కనుక చెబుతున్నాను. 50 ఏళ్లు దాటి, గుండె జబ్బు ముప్పు కనీసం ఒకటైనా ఉన్న 4,362 మందిపై చేసిన పెద్ద పరిశోధన 2022లో ప్రచురితమైంది. అందులో క్యాన్సర్లు టోఫాసిటినిబ్ గుంపులో 4.2 శాతం, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ల గుంపులో 2.9 శాతం. లింఫోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్ రెండూ మాత్రల గుంపులోనే ఎక్కువ. అమ్మగారి వయసు 58. మరో దారి ఉన్నంతవరకు ఆ మాత్ర నేను ముందుగా ఎంచుకోను. పొగతాగే మగవారైతే అసలే వద్దంటాను.

ఇక గడ్డల సంగతి. మన ప్రాంతంలో అసలు పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

కీళ్లు బాగా వాచినప్పుడు చంకలో, గజ్జల్లో చిన్న చిన్న బిళ్లలు కట్టడం మామూలే. మణికట్టు వాస్తే ఆ వైపు చంకలో తగులుతుంది. నొక్కితే నొప్పిగా ఉంటుంది, జబ్బు తగ్గితే అదీ తగ్గుతుంది. అనుమానించవలసిన గడ్డ వేరుగా ఉంటుంది. నొప్పి ఉండదు, రబ్బరులా గట్టిగా ఉంటుంది, నాలుగైదు వారాలైనా తగ్గకపోగా పెరుగుతుంది. కాలర్ ఎముక పైన వచ్చే గడ్డను ఎంత చిన్నదైనా వదిలేయకూడదు. దానికి తోడు సాయంత్రపు జ్వరం, రాత్రి పడక తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం ఉంటే అసలు ఆగకూడదు.

ఈ లక్షణాలన్నీ చదువుతుంటే మీకు క్షయే గుర్తొస్తుంది. మాకూ అంతే. మెడలో గడ్డ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అంటే మన దగ్గర పదిమందిలో ఎక్కువమందికి తేలేది క్షయే. అయితే ఆ అలవాటే ఒక్కోసారి ముంచుతుంది. ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు నా దగ్గరే ఇరవై ఏళ్లుగా చికిత్సలో ఉన్నారు. ఒక దశలో ఆయన కీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, ఇఎస్‌ఆర్ మాత్రం 90 దాటింది. కీళ్లు అంత ప్రశాంతంగా ఉంటే ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందని నేను అడగవలసింది. అడగలేదు, మందు మోతాదు పెంచి పంపాను. రెండు నెలలకు మెడలో గడ్డ వచ్చింది. వాళ్ల ఊళ్లో సూదితో లాగి పరీక్షిస్తే స్పష్టంగా ఏమీ తేలలేదు. క్షయ మందులు మొదలుపెట్టారు. ముందు కాస్త తగ్గినట్టు అనిపించి మళ్లీ పెరిగింది. ఐదు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు గడ్డను మొత్తంగా తీయించి పరీక్షకు పంపితే పెద్ద బి-కణ లింఫోమా.

అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. కీళ్లు నెమ్మదిగా ఉండి ఇఎస్‌ఆర్, అలాంటిదే అయిన సీఆర్‌పీ ఎగబాకితే మందు పెంచే ముందు రోగి చొక్కా విప్పించి మెడ, చంకలు, గజ్జలు, ప్లీహం తడిమి చూస్తాను. ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష కూడా చేయిస్తాను. రెండోది, రుమటాయిడ్ రోగి మెడలో తగ్గని గడ్డకు సూది పరీక్షతో సరిపెట్టను. సూదిలోకి వచ్చేవి విడి కణాలు. ఇల్లు కూల్చి తెచ్చిన ఇటుకలు చూసి ఇంట్లో గదులు ఎలా ఉండేవో చెప్పలేం కదా. లింఫోమాను గుర్తించాలంటే గ్రంథి లోపలి అమరిక చూడాలి, దానికి గడ్డ మొత్తం కావాలి. అందులోనే ఒక ముక్క క్షయ పరీక్షకూ పంపవచ్చు. ఆ ఫలితం వచ్చేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు. స్టెరాయిడ్‌కు లింఫోమా తాత్కాలికంగా కరిగిపోయి, పరీక్షలో దొరకకుండా పోతుంది.

ఆ మాస్టారి సంగతి అడుగుతారని తెలుసు. ఆర్-చాప్ అనే కీమో చికిత్స ఆరు విడతలు ఇచ్చారు. ఈ రకం లింఫోమాలో సగానికి పైగా రోగులకు దీనితో పూర్తిగా నయమవుతుంది, ఆయనకూ అయింది. అందులో ‘ఆర్’ అంటే రిటుక్సిమాబ్, బి కణాలను తుడిచేసే మందు. అమెరికాలో 1997లో లింఫోమాకు, 2006లో రుమటాయిడ్‌కు అనుమతి పొందింది. ఒకే మందు రెండు జబ్బులకూ పనిచేయడంలోనే రెండింటి చుట్టరికం తెలిసిపోతోంది. మూడో విడత తర్వాత ఆయన వచ్చి, ఏళ్ల తర్వాత పొద్దున్నే పిడికిలి బిగించగలిగానని చేయి చూపించారు. తల మీద ఒక్క వెంట్రుక లేదు, ముఖం నిండా నవ్వు. ఇప్పటికీ కీళ్లు మళ్లీ రగిలితే ఆయనకు రిటుక్సిమాబే ఇస్తాను. లింఫోమా వచ్చి తగ్గినవారికి టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు సాధారణంగా వాడను.

ముందే కనిపెట్టే పరీక్ష ఏదైనా ఉందా అంటే లేదు. ‘క్యాన్సర్ ప్యాకేజీ’ పేరుతో అమ్మే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు లింఫోమాను పట్టవు. ఏ లక్షణమూ లేకుండా పెట్ స్కాన్ చేయించుకోవడం డబ్బు తగలేయడమే. ఆ డబ్బుతో అమ్మగారి ఏడాది మందులు, రక్తపరీక్షలు అయిపోతాయి.

మీ తమ్ముడికి నడుము కీళ్లవాతం, అంటే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉందని కూడా రాశారు. ఆ జబ్బులో లింఫోమా పెరిగినట్టు స్వీడన్ లెక్కల్లో తేలలేదు. అతణ్ణి ఈ చర్చలోకి లాగకండి.

ఇక కళ్లలో ఇసుక. మీ ఉత్తరం మొత్తంలో నాకు మందుకన్నా ఎక్కువ పట్టించుకోవలసినదిగా తోచింది ఇదే. రుమటాయిడ్‌తో పాటు కొందరికి షోగ్రెన్స్ అనే జబ్బు కలిసి వస్తుంది. కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు ఎండిపోతాయి. ఈ జబ్బు ఉన్నవారిలో లింఫోమా ముప్పు రుమటాయిడ్‌లోకన్నా ఎక్కువ. అయితే ఇక్కడ వచ్చేది చాలావరకు నెమ్మదిగా నడిచే రకం, తరచుగా చెవి కింది లాలాజల గ్రంథిలో మొదలవుతుంది. కళ్లు పొడిబారినంత మాత్రాన షోగ్రెన్స్ అని కాదు, 58 ఏళ్ల వయసులో అది వేరే కారణాలతోనూ వస్తుంది. కంటి వైద్యుల దగ్గర కాగితపు పట్టీతో కన్నీటిని కొలిచే చిన్న పరీక్ష ఉంది. రక్తంలో షోగ్రెన్స్‌లో తరచుగా కనిపించే ఎస్‌ఎస్‌ఏ యాంటీబాడీ, రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీ4 అనే ప్రొటీన్ చూస్తారు. చెవి కింద దవడ ఒక పక్క వాచి అలాగే ఉండిపోయినా, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు తేలినా, సీ4 తక్కువగా వచ్చినా డాక్టరు మరింత దగ్గరగా గమనిస్తారు.

వెళ్లే ముందు రెండు రోజులు అమ్మగారు అన్నం తింటుంటే పక్కన కూర్చుని చూడండి. చారన్నం ఇబ్బంది లేకుండా తిని, కందిపొడి కలిపిన ముద్దకు మాత్రం ప్రతిసారీ నీళ్ల గ్లాసు వెతుక్కుంటుంటే, ఆ సంగతి డాక్టరుకు ముందుగా చెప్పండి. ఆమె అంతట ఆమె చెప్పరు, అది జబ్బని ఆమెకు తోచి ఉండదు.